మచ్చు బొమ్మ – మార్కెట్టు బొమ్మ: బట్టలో కనబడే తేడా

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా డి.ఏ. బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ గురించో, మోకాళ్ళ నొప్పుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "పెద్దలతోపాటు పిల్లలు కూడా వస్తున్నారు, ఇద్దరికీ పనికివచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. బొమ్మల గురించి చెబుతానంటే మిత్రులు కొందరు నవ్వారు. నవ్వనివ్వండి. మనలో చాలామంది కొడుకులూ కూతుళ్ళూ అమెరికాలోనో, బెంగుళూరులోనో, హైదరాబాదులోనో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళినప్పుడు అద్దాల బీరువాలో బారులు తీరి నిలబడ్డ బొమ్మలను చూసే ఉంటారు. నలభై ఏళ్ళ కొడుకు బొమ్మలు కొనడమేమిటని ఆశ్చర్యపోతాం. ఒక్కోదాని ధర వింటే ఇంకా ఆశ్చర్యపోతాం. కాళ్ళూ చేతులూ కీళ్ళ దగ్గర కదిలే ఈ బొమ్మలను యాక్షన్ ఫిగర్లు అంటారు. సినిమాల్లోని వీరులు, సైనికులు, విచిత్ర ప్రాణులు అందులో ఉంటారు. ఆడుకోవడానికి కొనేవాళ్ళు కొందరైతే, సేకరించి దాచుకునేవాళ్ళు కొందరు. ఈ రెండో రకంవాళ్ళ దగ్గరే డబ్బూ, తగాదాలూ ఎక్కువ. ఆ తగాదాల్లో పెద్దది బొమ్మ కట్టుకున్న బట్ట గురించి.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ స్టోర్సు విభాగంలో పనిచేసినవాణ్ణి. టెండరుతోపాటు వచ్చిన మచ్చుకు సీలు వేసి బీరువాలో పెట్టడం, సరుకు వచ్చాక ఆ మచ్చు తీసి పక్కన పెట్టి పోల్చడం నా పని. యూనిఫాం గుడ్డ విషయంలో ఇది ఎంత చిక్కో ఇక్కడున్న చాలామందికి తెలుసు. మచ్చులో ముట్టుకుంటే మెత్తగా, దళసరిగా ఉన్న గుడ్డ, బేళ్ళు విప్పేసరికి గంజి పెట్టిన పలచటి గుడ్డగా మారిన సందర్భాలు చూశాం. ఒక్క ఉతుకుతో గంజి పోయేది, బండారం బయటపడేది. యాక్షన్ ఫిగర్ల లోకంలోనూ అచ్చంగా ఇదే కథ. అక్కడ మచ్చును ప్రొటోటైపు అంటారు, సరుకును ప్రొడక్షన్ అంటారు. తేడా ఉందనగానే మోసం అనేయకూడదు. ఎందుకు వచ్చిందో ముందు తెలుసుకోవాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే.

మచ్చు ఎలా తయారవుతుంది?

ముందుగా శిల్పి మైనంతోనో, మట్టితోనో, ఇటీవల కంప్యూటరు సాయంతోనో బొమ్మను మలుస్తాడు. దానిమీద మెత్తటి రబ్బరుతో అచ్చు తీసి, అందులో రెసిన్ పోసి నాలుగైదు నకళ్ళు తీస్తారు. ఆ నకళ్ళకు చేత్తో రంగులు వేస్తారు. బట్టలుంటే ఒక మనిషి కూర్చుని, సూదీ దారంతో, కొలతకు తగ్గట్టు కుట్టి తొడుగుతాడు. పైవస్త్రం నిండుగా జారినట్టు కనబడటానికి అంచులో సన్నటి తీగ దూర్చడం, మడతలను ఆవిరి పట్టి నిలపడం, ఫొటోకు ముందు వెనకవైపు గుండుసూది గుచ్చడం కూడా ఉంటాయి. ఈ మచ్చునే వ్యాపారులకు చూపిస్తారు, ప్రకటనల్లో ఫొటో వేస్తారు.

ఆ తరవాత ఉక్కు అచ్చులు చేయించి, ఫ్యాక్టరీలో వేలూ లక్షలూ పోతపోస్తారు. అక్కడ బట్ట కుట్టేవాడికి ఒక్కో బొమ్మకు దొరికేది కొద్ది నిమిషాలు మాత్రమే. గుడ్డ ఏ గజానికి ఎంత, కుట్లు ఎన్ని, గుండీ అవసరమా, అతుకు చాలదా అని లెక్కలు వేస్తారు. పెళ్ళివారికి కుట్టిన పట్టు లంగాకూ, స్కూలు యూనిఫాముకూ ఉన్నంత తేడా ఇక్కడే మొదలవుతుంది.

మొదటి సైనికుడు

యాక్షన్ ఫిగర్ అన్న మాట వాడుకలోకి వచ్చింది అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ 1964లో జి.ఐ.జో అనే సైనికుడి బొమ్మను విడుదల చేసినప్పుడు. మగపిల్లలు "డాల్" అంటే కొనరని కంపెనీవారు ఈ పేరు ఎంచుకున్నారు. ఆ బొమ్మ సుమారు 12 అంగుళాల ఎత్తు, కదిలే భాగాలు 21. దాని వెనక ఉన్న డాన్ లెవీన్ అనే అధికారి, చిత్రకారులు వాడే కీళ్ళున్న కొయ్య బొమ్మను చూసి ఈ ఆలోచనకు రూపం ఇచ్చాడని చెబుతారు. 1963లో చేతితో చేసిన మచ్చు బొమ్మకు సార్జెంటు యూనిఫాం కూడా చేత్తోనే కుట్టారు. 2003లో ఆ ఒక్క మచ్చు 2,00,000 డాలర్లకు అమ్ముడుపోయింది. దుకాణాల్లో అమ్మిన లక్షలాది బొమ్మలకు యంత్రంమీద కుట్టిన దుస్తులే ఉన్నాయి. అవి పిల్లలు తొడిగి, విప్పి, మట్టిలో దొర్లించినా నిలవాలి. మచ్చు దుస్తులకు ఆ బాధ లేదు. బల్లమీద నిలబడితే చాలు.

కొలత తెచ్చే కష్టం

మొదటి కారణం కొలత. 12 అంగుళాల బొమ్మ మనిషిలో సుమారు ఆరో వంతు. 1970లలో పెట్రోలు ధరలు పెరిగి ప్లాస్టిక్ ఖరీదయ్యాక చిన్న బొమ్మలకు గిరాకీ వచ్చింది. మూడు ముప్పాతిక అంగుళాల బొమ్మ, అంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్లది, మనిషిలో సుమారు పద్ధెనిమిదో వంతు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మనం తొడుక్కునే చొక్కా గుడ్డ మందం మిల్లీమీటరులో మూడో వంతు అనుకోండి. అదే గుడ్డను ఆ చిన్న బొమ్మకు తొడిగితే, దాని లెక్కన అది 18 రెట్లు, అంటే 6 మిల్లీమీటర్ల మందం. మనకు బొంత కప్పినట్టే! మడత పడదు, ఒంటిమీద జారదు. గుడ్డ జారాలంటే దానికి బరువు ఉండాలి. చిటికెడు గుడ్డముక్కకు బరువెక్కడిది? చుట్టూ కుట్టే అంచు కూడా పెద్ద బొమ్మకూ చిన్న బొమ్మకూ ఇంచుమించు ఒకటే వెడల్పు కావాలి, లేకపోతే పోగులు ఊడతాయి. అందుకే చిన్న బొమ్మలకు చొక్కా, పంట్లాం, బూట్లు అన్నీ ప్లాస్టిక్‌లోనే శిల్పంలా చెక్కేస్తారు. పైవస్త్రం ఒక్కటీ విడిగా ఇస్తారు.

1982లో హాస్‌బ్రోవారు జి.ఐ.జోను ఈ చిన్న కొలతలో మళ్ళీ తెచ్చినప్పుడు బట్టలు పూర్తిగా పోయాయి. అందులో స్నేక్ ఐస్ అనే పాత్ర నిలువెల్లా నల్లగా ఉంటుంది. ఆ ఒక్క బొమ్మకు రంగులు వేసే ఖర్చు మిగుల్చుకోవడానికి నల్ల ప్లాస్టిక్‌తో పోతపోసి వదిలేశారు. ఖర్చు తగ్గించడానికి వచ్చిన ఆ ముసుగు మనిషే తరవాత పిల్లలకు అందరికంటే ప్రియమైన పాత్రల్లో ఒకడయ్యాడు. పొదుపు కూడా ఒక్కోసారి అందం తెస్తుంది.

ప్లాస్టిక్ అంగీ, గుడ్డ అంగీ

రెండో కారణం ధర. దీనికి మంచి ఉదాహరణ స్టార్ వార్స్ బొమ్మలు. ఆ సినిమా 1977 మే నెలలో విడుదలైంది. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరానికి చెందిన కెన్నర్ కంపెనీకి బొమ్మలు చేసే హక్కు దక్కింది. కాని క్రిస్మస్ పండగకు సరుకు సిద్ధం కాలేదు. అప్పుడు వాళ్ళు బొమ్మలకు బదులు ఒక అట్టా, ఒక కూపనూ ఉన్న కవరు అమ్మారు. కూపను పంపితే 1978లో బొమ్మలు పోస్టులో వచ్చాయి. మచ్చు కూడా చేతిలో లేకుండా మాటమీద సరుకు అమ్మడమంటే ఇదే.

1978లో వచ్చిన మొదటి 12 బొమ్మల్లో జావా అనే ఎడారి మరుగుజ్జు ఒకడు. సినిమాలో వాళ్ళు గోధుమరంగు ముతక గుడ్డతో, తలమీద ముసుగుతో ఉంటారు. కెన్నర్‌వారు మొదట ఆ బొమ్మకు చంకల దగ్గర రంధ్రాలున్న పలచటి వినైల్, అంటే మెత్తటి ప్లాస్టిక్ రేకు అంగీ తొడిగారు. డార్త్ వేడర్‌కూ, బెన్ కెనోబీకీ, యువరాణి లియాకూ ఇచ్చింది కూడా వినైలే. మిగతావాళ్ళమీద అది నప్పింది. జావా దగ్గర చిక్కు వచ్చింది. బొమ్మ మిగతావాటికంటే చాలా పొట్టి, ధర మాత్రం అందరిదీ ఒకటే. అంత చిన్న బొమ్మకు ప్లాస్టిక్ ముక్క చుట్టి అదే ధర అడిగితే కొనేవాడికి వెలితిగా తోస్తుందని, కొద్ది కాలానికే వినైల్ తీసేసి ముసుగుతో సహా కుట్టిన గుడ్డ అంగీ ఇచ్చారని సేకర్తలు చెబుతారు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. సరుకు ఎప్పుడూ మచ్చుకంటే నాసిగానే ఉంటుందని అనుకుంటాం. జావా విషయంలో తరవాత వచ్చిన సరుకే మెరుగైంది. గుడ్డ అంగీ ఖరీదైనది, సినిమాకు దగ్గరైనది. కాని ఈనాడు సేకర్తలు వేల డాలర్లు పోసేది ఆ చవక ప్లాస్టిక్ అంగీ బొమ్మకే! ఎందుకంటే అది తక్కువగా మిగిలింది. అరుదైనదానికి ధర ఎక్కువ, మంచిదానికి కాదు. ఈ రెండు మాటలను కలిపేసుకుంటేనే మన జేబు చిల్లు పడుతుంది.

ధర ఎక్కడుంటే దొంగ సరుకు అక్కడుంటుంది. బెన్ కెనోబీ బొమ్మ మామూలుగా దొరుకుతుంది. దాని వినైల్ అంగీని పొట్టిగా కత్తిరించి, గుడ్డ అంగీ పోయిన జావాకు తొడిగి, పాత వినైల్ జావా అని అమ్మినవాళ్ళు ఎందరో. అందుకే తెలిసినవాళ్ళు అంగీ రంగు, పైన ఉన్న గరుకు, అంచు కోత, చంక రంధ్రాల ఆకారం భూతద్దంతో చూస్తారు. మనం ఆనాడు గుడ్డ పోగులు లెక్కపెట్టడానికి వాడిన భూతద్దం లాంటిదే.

తెలియక వచ్చిన తేడా

మూడో కారణం సమాచార లోపం. 1978లోనే సియర్స్ దుకాణాల కోసం కెన్నర్ ఒక ప్రత్యేక సెట్టు చేసింది. అందులో స్నాగుల్‌టూత్ అనే పాత్ర ఉంది. శిల్పి చేతికి వచ్చిన ఫొటో నడుము పైవరకే ఉంది. కింద ఏముందో తెలియక బొమ్మను అందరిలాగే పొడుగ్గా చేసి, నీలం దుస్తులు వేసి, కాళ్ళకు వెండిరంగు బూట్లు తొడిగారు. తీరా చూస్తే సినిమాలో ఆ పాత్ర మరుగుజ్జు, దుస్తులు ఎర్రవి, బూట్లు లేవు. 1979లో విడిగా అమ్మిన బొమ్మను పొట్టిగా, ఎర్ర దుస్తులతో, వట్టి కాళ్ళతో సరిదిద్దారు. ఆ పొడుగాటి నీలం బొమ్మ ఈనాడు సేకర్తలకు మురిపెం. సగం ఇండెంటు చూసి సరుకు పంపితే ఏమవుతుందో మన స్టోర్సు మిత్రులకు వేరే చెప్పనవసరం లేదు.

ప్రాణంకంటే మచ్చు ఎక్కువ కాదు

నాలుగో కారణం అన్నిటికంటే ముఖ్యమైనది: భద్రత. 1979లో కెన్నర్‌వారు బోబా ఫెట్ అనే కవచధారి బొమ్మను, వీపుమీది రాకెట్టు స్ప్రింగుతో ఎగిరేలా చేస్తామని ప్రకటించారు. పాత బొమ్మల అట్టముక్కలు కత్తిరించి పంపితే పోస్టులో పంపుతామన్నారు. మచ్చులు తయారయ్యాయి, ఎగిరాయి కూడా. కాని 1978 చివరలో మరో కంపెనీ చేసిన బొమ్మ విమానం నుంచి ఎగిరిన చిన్న క్షిపణి గొంతులో ఇరుక్కుని ఒక చిన్న పిల్లవాడు చనిపోయాడు. బొమ్మల లోకమంతా ఉలిక్కిపడింది. కెన్నర్‌వారు రాకెట్టును వీపుకు కదలకుండా అతికించి పంపారు. దానితోపాటు, భద్రత కోసం ఇలా మార్చామని ఒక చీటీ కూడా జతచేశారు.

ఆ చీటీ నాకు చాలా నచ్చింది. మనం డీవియేషన్ స్టేట్‌మెంట్ అనేవాళ్ళం గుర్తుందా? మచ్చుకూ సరుకుకూ తేడా ఉంటే, ఏది మారింది, ఎందుకు మారింది అని సరఫరాదారు ముందే రాసివ్వాలి. అలా రాసిచ్చినవాణ్ణి మనం నమ్మేవాళ్ళం. చెప్పకుండా దాచినవాడి సరుకు తిప్పి పంపేవాళ్ళం. ఎగిరే రాకెట్టు ఉన్న మచ్చు బొమ్మల్లో ఒకటి 2024లో అమెరికాలో జరిగిన వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది. అంత ధర పలికినా, ఆనాడు దాన్ని పిల్లల చేతికి ఇవ్వకపోవడమే సరైన పని అని నేనంటాను.

నేటి బొమ్మలు, మన వాతావరణం

ఇప్పుడు ఆరో వంతు కొలతలో, నటుల ముఖాలతో అచ్చుగుద్దినట్టున్న ఖరీదైన బొమ్మలు వస్తున్నాయి. హాంగ్‌కాంగ్‌లో 2000లో మొదలైన హాట్ టాయ్స్ కంపెనీ వీటికి పేరుపొందింది. వీటి దుస్తులు నిజంగా కుట్టినవే. ఇలాంటి బొమ్మలను చేతికి రాకముందే, ఫొటో చూసి ముందస్తుగా బుక్ చేసుకుంటారు. ఫొటోలో ఉన్నది మచ్చు అనీ, అసలు సరుకు కొద్దిగా మారవచ్చనీ ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం ఇన్సూరెన్సు కాగితం చదివినట్టే దాన్నీ చదవాలి.

వీటిలో తోలు దుస్తులుగా కనబడేది చాలావరకు తోలు కాదు, గుడ్డమీద పాలియురెథేన్ పూత పూసిన రెక్సిన్ లాంటిది. నిజం తోలు ఈ కొలతకు మందమైపోతుంది. ఈ పూతకు శత్రువు తేమ. గాలిలోని తేమ తగిలి కొన్నేళ్ళకు అది లోలోపలే విరిగి, పొట్టు రాలినట్టు రాలుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరంలో ఈ ముప్పు మరీ ఎక్కువ. పాత వినైల్ అంగీల సంగతి వేరు. అవి మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది. అంగీ జిడ్డుగానో, పెళుసుగానో మారి చంక రంధ్రాల దగ్గర చిరుగుతుంది. మచ్చులోనూ సరుకులోనూ ఏ గుడ్డ వాడారన్నది ఫొటోలో కంటే ఇరవై ఏళ్ళ తరవాత బీరువాలో బాగా తెలుస్తుంది.

మన అటకమీద ఉన్నవి

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన దేశంలో ఎం.ఆర్.ఎఫ్. సంస్థకు చెందిన ఫన్‌స్కూల్ కంపెనీ, హాస్‌బ్రో అనుమతితో జి.ఐ.జో బొమ్మలను తయారుచేసి అమ్మింది. 1990లలో మన పిల్లలు ఆడుకున్నవి అవే. అచ్చులు అమెరికావే అయినా, దుస్తుల రంగులు ఇక్కడ చాలా బొమ్మలకు మారాయి. అక్కడ ఆకుపచ్చ ఉన్నచోట ఇక్కడ మరో రంగు కనబడుతుంది. ఆనాడు నకిలీ రంగులని తేలిగ్గా తీసిపారేసిన ఆ బొమ్మలను, ఈనాడు విదేశీ సేకర్తలు వెదికి మరీ కొంటున్నారు. కాబట్టి ఇల్లు మారేటప్పుడు, సున్నం వేసేటప్పుడు పాత బొమ్మల డబ్బాను పాతసామాన్లవాడికి వేసేముందు పిల్లలకు ఒక్క ఫోను చేయండి.

చివరగా నాలుగు మాటలు.

ఒకటి: బొమ్మ దుస్తులను ఉతకవద్దు, ఇస్త్రీ చేయవద్దు. మురికి పోతుందేమో కాని, ఆనాటి రంగూ కుట్టూ పోతే తిరిగి రావు.

రెండు: బీరువాలో కలరా ఉండలు వేయవద్దు. పట్టుచీరలకు అలవాటే అయినా, దాని ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. ఎండ తగలని, తేమలేని చోట ఉంచితే చాలు.

మూడు: అట్ట, డబ్బా, చీటీ ఏదీ పారేయవద్దు. మచ్చేదో సరుకేదో, మొదటి విడతేదో రెండో విడతేదో చెప్పే సాక్షులు అవే.

నాలుగు: "ఇది ప్రొటోటైపు, అరుదైనది, రేపు ధర పది రెట్లవుతుంది" అని ఎవరైనా అంటే, కాగితం అడగండి. ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పలేని మచ్చు మచ్చు కాదు. రాకెట్టు బొమ్మకూ, వినైల్ జావాకూ నకళ్ళు కోకొల్లలు. పెన్షన్ డబ్బు, గ్రాట్యుటీ డబ్బు ఇటువంటి వాటిలో పెట్టే ఆలోచనే వద్దు. మనవడి ముచ్చట కోసం ఒక బొమ్మ కొనండి, సంతోషమే. పెట్టుబడి అని మాత్రం కొనకండి.

మిత్రులారా, మచ్చు అనేది చేసేవాడి కోరిక. సరుకు అనేది అతనికి సాధ్యమైనది. ఈ రెంటి మధ్య తేడా రాకుండా ఏ పనీ జరగదు. కొలత వల్ల వస్తుంది, ఖర్చు వల్ల వస్తుంది, తెలియకపోవడం వల్ల వస్తుంది, పిల్లల క్షేమం కోసమూ వస్తుంది. తేడా వచ్చినందుకు ఎవరినీ తప్పు పట్టనక్కరలేదు. తేడాను దాచితేనే తప్పు. మనం ముప్పై, ముప్పై అయిదేళ్ళు ఉద్యోగాల్లో కాపాడుకున్న నియమం ఇదే. మన పిల్లల అద్దాల బీరువాలోని బొమ్మలకూ ఇదే నియమం వర్తిస్తుంది. ఈసారి వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు "ఈ పిచ్చి ఏమిటిరా" అని అడగకండి. "దీని అంగీ గుడ్డదా, వినైలుదా?" అని అడిగి చూడండి. మీ అబ్బాయి మీకోసం కుర్చీ లాగి, బీరువా తాళం తీసి, కాఫీ చల్లారేదాకా మాట్లాడతాడు.